అడ్డగీత

గవర్నమెంట్ హౌస్‌లో మెట్లెక్కగానే కుడిగోడకి
నిలువెత్తు ఇరోకో చెక్క.
దాని మీద పేర్లన్నీ నావే.
అంటే, నేను రాసినవి.
అక్షరానికి రెండు నైరాలతో మొదలుపెట్టాను.
పొడుగు పేరున్నవాడే రావాలని
లోపల్లోపల మొక్కుకునేవాణ్ణి.

మా రాష్ట్రం పుట్టిందని ఒక రాత్రి రేడియో చెప్పింది.
రాజధాని ఏ ఊరో తేలకముందే
మొదటి గవర్నర్ జీపు దిగాడు.
సైన్యం మనిషి, ఇంకా గడ్డం రానట్టు నున్నటి చెంపలు.
పదిహేడు నెలలు.
బదిలీ కాగితం వచ్చినప్పుడు
ఒంటి నిండా సబ్బు నురగతో ఉన్నాడట.

తర్వాత నౌకాదళం నుంచి ఒకడిని పంపారు.
సముద్రం మాకు రెండు రోజుల లారీ ప్రయాణం.
అయినా బెన్యూ ఒడ్డున ఓడ స్తంభమంత జెండాకర్ర నాటించాడు.
కర్రా అతనూ ఒకే ఏడు పోయారు,
కర్ర వరదకి, అతను టెలిగ్రాముకి.

ఒకాయన పదకొండు రోజులు.
రాయాలా వద్దా అని ప్రొటోకాల్ ఆఫీసులో మూడు వారాలు తర్జనభర్జన.
తేలేసరికి ఫైలు పోయింది.
ఇద్దరి పేర్ల మధ్య కాస్త ఎడం వదిలాను.
ఆ పదకొండు రోజుల్లోనే
మా రెండో పిల్ల పుట్టింది, పోయింది.
ఎడం అందుకే కొలతకి మించిందేమో.

ఇంకొకడి పేరు కోర్టు తీయించింది.
బ్లేడుతో గీకుతుంటే పక్కన నిలబడి మా పెద్దోడు అడిగాడు,
ఆయన కట్టించిన మా బడి కూడా గీకేస్తారా నాన్నా అని.
పై కోర్టు మళ్ళీ రాయించింది.
రెండు పనులకీ కూలి తీసుకున్నాను.

ముందు పేరు. పక్కన మొదటి తారీఖు.
తర్వాత అడ్డగీత.
తర్వాత ఖాళీ.
నుదుట రాసేవాడు రెండు కొసలూ ఒకేసారి రాసేస్తాడంటారు,
నేను మాత్రం గీత దగ్గర ఆగాలి.
ప్రమాణం చేసిన రోజు ఆ ఖాళీ వంక ఎవరూ చూడరు.
ఫోటో దిగేటప్పుడు భుజం అడ్డం పెడతారు.

చీఫ్ అలెచెను నా కూలి ఎగ్గొట్టాడు.
బిరుదులతో కలిపి ముప్పై ఒక్క అక్షరాలు.
నాలుగేళ్ళు తిరిగాను. గేటు దగ్గర పోలీసులకి
నా సైకిలు బెల్లు కూడా గుర్తే.
అతను దిగిపోయాక రెండో తారీఖు వెయ్యమని కబురొస్తే
మొదటి బాకీ తీరాక చూద్దామన్నాను.
తర్వాతివాళ్ళు వచ్చారు, వెళ్ళారు,
వాళ్ళ తారీఖులు మూసుకున్నాయి.
చెక్క మీద అతనొక్కడే ఇంకా పాలిస్తున్నాడు.
బడిపిల్లల్ని చూపించడానికి తెచ్చినప్పుడు
లెక్కల టీచరు ఆ వరస దగ్గర నడక పెంచుతుంది.

నిరుడు, ఎడారి దుమ్ము ఊరంతా కమ్మిన హర్మటాన్ రోజుల్లో
ఒక ముసలామె నా కొట్టు వెతుక్కుంటూ వచ్చింది.
పేరు ఎనె. ఆయన భార్య.
రాష్ట్ర ముద్ర ఉన్న పాత కవరులో నోట్లు,
సగం ఇప్పుడు చెల్లనివి.
"పోయే దాకా పొద్దున్నే కోటు తొడుక్కుని
వరండాలో కూర్చునేవాడు, కారు ఇంకా రాలేదేమని.
నన్ను డ్రైవరు పేరుతో పిలిచేవాడు.
ఇంక చాలు. మూసెయ్యి."

ఏ తారీఖు వెయ్యమంటావమ్మా అన్నాను,
దిగిపోయిన రోజా, పోయిన రోజా?
చాలాసేపు వీధిలోకి చూసింది.
"అంకెకి ఎంత తీసుకుంటున్నావిప్పుడు?" అంది.

మర్నాడు నిచ్చెన వేశాను.
ఈమధ్య చెయ్యి వణుకుతోంది,
కుడిచేతికి ఎడమచేతిని ఊతం పెట్టుకుంటాను.
నౌకరు తెచ్చిన కుర్చీలో ఆవిడ కూర్చోలేదు.
కింద, నిచ్చెన కాళ్ళు రెండూ
గట్టిగా పట్టుకుని నిలబడింది.